కప్పు మీద పేరు

సిడ్నీ శివార్లలోని మా గిరావీన్‌లో మావాళ్ళు ఈ కథను మరోలా చెప్పుకుంటారు. నేను పాతసామాన్ల కొట్టు నుంచి జర్మన్ సైనికుడి నీళ్ళ సీసా ఇంటికి తెచ్చానట, దాని వెంట సైనికుడూ వచ్చాడట, మంచినీళ్ళు అడిగాడట! చెప్పేవాళ్ళలో మా ఆయన తప్ప ఒక్కరూ ఆ రోజు మా వంటింట్లో లేరు. ఏ సైనికుడూ రాలేదు. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. జరిగింది దయ్యం కథ కంటే చిన్నది. అందులో నేను చేసింది మాత్రం పెద్దది. అందుకే ఇన్నాళ్ళూ వాళ్ళ కథనే చెలామణీ కానిచ్చాను.

అది 2000వ సంవత్సరం. వైటూకే హడావిడితో పాటే మా ఆయన కాంట్రాక్టూ ముగిసింది. పారమట్టాలో పాత సైనిక వస్తువులు అమ్మే కొట్టులో నా ఉద్యోగమే ఇంటికి ఆధారం. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, జర్మన్ సైనికుల అల్యూమినియం నీళ్ళ సీసాల మెడ మీద కొట్టిన ముద్రలు చదవడం నా పని. తయారుచేసిన కంపెనీకి గుర్తుగా రెండు మూడు అక్షరాలు, పక్కన సంవత్సరం చివరి రెండంకెలు ఉంటాయి. భూతద్దంతో చూసి, జాబితాలో వెతికి రాసుకోవాలి. యజమాని మొదటిరోజే, అందరినీ పిలిచే ఇక్కడి పిలుపుతో చెప్పాడు: "ఏదీ కడగొద్దు, లవ్. మురికి కూడా సరుకే."

హెల్గా అనే జర్మన్ ముసలావిడ ఒక సీసా తెచ్చింది. అమ్మడానికి కాదు. యుద్ధంలో తప్పిపోయిన తన తమ్ముడిదని ఎవరో ఆవిడకు చేర్చారట. సీసా మీద బోర్లించే కప్పుకి నల్లరంగు, ఆ నలుపు మీద తెల్లరంగుతో రాసిన తమ్ముడి పేరు. అతని ఆఖరి ఉత్తరం 1942 చివర్లో వచ్చింది. సీసా ఆ తర్వాత తయారైనదైతే, ఉత్తరాలు ఆగాక కూడా తమ్ముడు బతికే ఉన్నట్టు. ఆవిడకు కావలసింది ఆ రెండంకెలే.

మెడ చుట్టూ జిడ్డూ మట్టీ గడ్డకట్టి ముద్ర కనబడలేదు. శనివారం సీసాను ఇంటికి తెచ్చి చింతపండు పెట్టి తోమాను. 43 బయటపడింది. అక్కడ ఆగొచ్చు కదా! సీసా తోమి కప్పు తోమకుండా వదిలే చేతులా ఇవి? మా ఆయనతో ఏదో వాదిస్తూ పీచుతో దాన్నీ రుద్దేశాను. పెచ్చులూడుతున్న నలుపు, దాంతో పాటు తెలుపు, సింకులోకి పోయాయి. చూసుకునేసరికి కప్పు తళతళా మెరుస్తోంది.

సోమవారం హెల్గా వచ్చింది. 43 అని చెప్పగానే కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత కప్పును ఇటూ అటూ తిప్పింది.

"పేరేదీ?"

లోపల యజమాని ఉన్నాడు. వింటే నా ఉద్యోగం ఆ పూటతో సరి.

"పైనున్నది మసి. కడిగితే పోయింది. పేరేమీ లేదు. మీకు చూపు సరిగ్గా ఆనక ఏ మరకనో పేరనుకుని ఉంటారు" అన్నాను. నా గొంతు కొంచెం కూడా వణకలేదు. ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉండేది దానికే.

ఆవిడ బొటనవేలితో కప్పును చాలాసేపు తడిమింది. "అయితే ఇది వాడిది కాదు" అని సీసాను కౌంటరు మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, స్టీలు చెంబు కడుగుతున్నాను. అది మా అమ్మది, ఆవిడ పోయాక నా వాటాకొచ్చింది. శనివారం చింతపండు నానబెట్టింది అందులోనే. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అమ్మ పేరు ఉండాలి. లేదు. గోరుతో గీరాను. కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాను. కొట్టు నుంచి అప్పుడే తెచ్చినట్టు నున్నగా ఉంది.

"నీ చింతపండు యాసిడ్‌కి అరిగిపోయుంటుందే. ఓవర్‌గా థింక్ చెయ్యకు" అన్నారు మా ఆయన.

"స్టీలుని చింతపండు ఏం చేస్తుందండీ? ఇన్నేళ్ళూ దాంతోనే కదా తోమింది! అరిగితే గుంటల జాడైనా ఉండొద్దూ?"

ఆయన చెంబు తీసుకుని వేలితో తడిమి చూశారు. దాన్ని అల్మారాలో వెనక్కి నెట్టేశారు. అందరినీ నవ్వించడానికి ఆయన సైనికుడి కథ అల్లింది ఆ తర్వాతే.

కొట్టు రిజిస్టర్‌లో హెల్గా నంబరు ఉంది. రెండుసార్లు ఫోన్ చేసి, ఆవిడ "హలో" అనగానే పెట్టేశాను. నాకు ధైర్యం వచ్చేనాటికి ఆ నంబరు పనిచెయ్యలేదు. సీసా నా దగ్గరే ఉండిపోయింది.

నేను చదివిన కెమిస్ట్రీలో దీనికి జవాబు లేదు. పోనీ, అది శిక్షే అనుకుందాం. అబద్ధమాడింది నేను. అదే అల్మారాలో నా పెళ్ళికి నా పేరు కొట్టించిన గ్లాసులు ఆరున్నాయి, ఒక్క చుక్క కూడా చెరగలేదు. పోతే నా పేరు పోవాలి గానీ, మా అమ్మ పేరెందుకు పోయింది?