వెనక అంగుళం ఎక్కువ

ఎవరి వీపు ఎంత వంగిందో ఆ టైలరుకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. గూని మనిషి కొలతలివ్వడానికొస్తే నోటితో ఏమీ అనడు. చొక్కా వెనక భాగం అంగుళం ఎక్కువ పెట్టి, ముందు అర అంగుళం తగ్గించి కత్తిరిస్తాడు. తొడుక్కున్నాక అంచు చుట్టూ సమంగా నిలుస్తుంది. ఆ మనిషి తాను నిటారుగానే ఉన్నాననుకుని మురిసిపోతూ వెళ్తుంటే టైలరు వెనక నుంచి మూతి తిప్పుతాడు. మనుషులంటే అంత చులకన. తన చొక్కాలకూ పదిహేనేళ్లుగా అదే కోత కోసుకుంటున్న సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తడు.

ముప్పై ఏళ్లు మిషను మీదికి వంగిన వీపు అది. వీపుతో పాటే నోరూ పాడైందని ఇంట్లో ఒక నమ్మకం. మంచినీళ్లు ఆలస్యమైతే అరుపు, తలుపు చప్పుడైతే అరుపు. అరిచాక నడుము పట్టుకుని మూలిగేవాడు. ఆ మూలుగు వినగానే భార్య కరిగిపోయేది. నొప్పి అలా మాట్లాడిస్తోంది గానీ మనిషి మంచివాడేనని వాళ్లక్కకూ, పక్కింటావిడకూ, తనకు తానూ సర్దిచెప్పుకునేది. ఆ కాపురం పదిహేనేళ్లుగా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. అందులోని సుఖం టైలరు ఎరగనిది కాదు.

చివరికి ఆవిడకే ఓపిక నశించింది.

"నడుము చూపించుకోండి. లేదంటే నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను" అంది.

అన్నంత పనీ చేసే మనిషి కాబట్టి అతను కదిలాడు.

క్లినిక్ గోడ మీద, వెన్ను బాగుంటే మనసూ బాగుంటుందని రాసి, పళ్లికిలిస్తున్న ఓ కుటుంబం బొమ్మ అంటించారు. ఆ బొమ్మలో తండ్రి చొక్కాకి భుజం కుట్టు జారిపోయి ఉంది. కుట్టు చూసుకోలేనివాళ్లు నా వెన్ను చూస్తారట అని టైలరు గొణిగాడు. ఫిజియోథెరపీ అమ్మాయి అతన్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, నడుము నేలకి ఆనించమంది. మిషను దగ్గర స్టూలు ఎత్తు మార్చమంది, గంటకోసారి లేచి నడవమంది. నొప్పి తగ్గితే నిద్ర పడుతుందనీ, నిద్ర పడితే చాలామందికి చిరాకు తగ్గుతుందనీ చెప్పింది. హామీ మాత్రం ఇవ్వలేదు. ఆ సంగతి ఆలుమగలిద్దరూ పట్టించుకోలేదు.

నాలుగు నెలలు భార్య పక్కన నిలబడి లెక్కపెడుతూ చేయించింది. అతను తిట్టుకుంటూనే చేశాడు. నొప్పి పోయింది. ఒళ్లెరగకుండా నిద్రపోయాడు. ఓ వారం రోజులు ఈల కూడా వేశాడు. వంటింట్లో చేస్తున్న పని ఆపి మరీ ఆవిడ ఆ ఈల వినేది.

ఎనిమిదో రోజు పొద్దున బీరువాలోంచి చొక్కా తీసి తొడుక్కుని, చాలా రోజుల తర్వాత అద్దంలో చూసుకున్నాడు. వెనక అంచు తోకలా వేలాడింది, ముందు భాగం పొట్ట మీదికి ఎగదన్నింది. ఇంకెవరికైనా అలా అయితే వాడి వీపు నిటారైందని చిటికెలో చెప్పగల ఘనుడు, భార్య మీద విరుచుకుపడ్డాడు. బట్టలు ఉతకడం చేతకాదన్న దగ్గర మొదలుపెట్టి ఆవిడ పుట్టింటి దాకా వెళ్లాడు. నడుము బాగుపడ్డాక ఊపిరి కూడా బాగానే అందుతున్నట్టుంది, వీధి చివరి వరకూ వినిపించింది.

ఆవిడ దగ్గరికొచ్చి చొక్కా వెనక అంచు వేళ్లతో పట్టుకుంది. పదిహేనేళ్లు ఇస్త్రీ చేసిన చేతికి ఆ అంగుళం తెలియనిది కాదు.

"చొక్కాకేం కాలేదు. మీ వీపు బాగయింది" అంది. అంచు వదిలేసి, "నొప్పి పోయినా ఇదే నోరు. ఇన్నాళ్లూ నేను ఓర్చుకుంది నడుము నొప్పిని కాదన్నమాట" అంది.

సంచిలో నాలుగు జతల బట్టలు సర్దుకుంది. అతను అలవాటు కొద్దీ చెయ్యి నడుము మీద వేసుకున్నాడు. ఆవిడ గుమ్మంలో ఆగి ఆ చేతిని చూసింది. తర్వాత చెప్పులు వేసుకుంది.