కిటికీ సీటు గారి ఆఖరి రూటు

“ముందు అది చెప్పప్పా. బస్సులో ఏ పక్క కూర్చోని వచ్చినావు?”

“ఎడమ పక్కనమ్మా.”

“మధ్యాన్నం పూట, ఉత్తరానికి వచ్చే బస్సులో, ఎడమ పక్క! చూడు, సగం మొగం కమిలిపోయుండాది. నాలుగేండ్లుగా మా దారి బత్తెం చదువుతాండానంటివే, ఏం చదివినావు?”

చందాపుర నుంచి దేవనహళ్ళికి రెండు బస్సులు మారి, రెండింటిలోనూ ఎడమ పక్కనే కూర్చుని వచ్చాను. సావిత్రమ్మగారు నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి, మళ్ళీ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. జబ్బుపడ్డ మనిషి మంచం పక్కన కూర్చున్నట్టుగా ఉంది ఆ కూర్చోవడం.

2009 అక్టోబరులో ఒక సోమవారం అది. దారి బత్తెం మూతపడే రోజు, ఆఖరిసారి చూసిపోదామని వచ్చాను.

దారి బత్తెం అంటే ఇంటర్నెట్‌లో ప్రయాణాల పిచ్చి ఉన్నవాళ్ళు చేరే చోటు. పదేళ్ళ క్రితం సావిత్రమ్మగారే మొదలుపెట్టారు. ఆమె అంతకు ముందు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంక్ ఆపరేటరు. ముప్పై ఏళ్ళు చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని ఇతరుల ఊళ్ళను ఇతరుల ఊళ్ళతో కలిపిన మనిషి. ఎడమ చెవి కొంత దెబ్బతింది. ఉద్యోగం మానేశాక కూతురు రంజిత ఒక పాత కంప్యూటర్ తెచ్చి ఇంట్లో పెడితే, ఈమె మళ్ళీ ఆపరేటర్ పనే ఎత్తుకున్నారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళు, మధ్యలో కన్నడం కలిపేవాళ్ళు, మూడొందల మంది పైచిలుకు చేరారు. అందులో నోరు విప్పేవాళ్ళు పద్దెనిమిది మంది. మిగిలినవాళ్ళం చదివి ఊరుకునేవాళ్ళం.

దానికి ఒక కట్టుబాటు ఉంది. ఏ ఊరి గురించి ఎంత రాసినా, చివర మూడు ముక్కలు తప్పనిసరి. నీళ్ళు ఎక్కడ, నీడ ఎక్కడ, బాత్రూము ఎక్కడ. ఆ మూడూ లేని ప్రయాణం దారి బత్తెంలో ప్రయాణం కిందికి రాదు. ఒకాయన కాశీ వెళ్ళొచ్చి పద్నాలుగు భాగాలు రాశాడు, బాత్రూము మాట ఎత్తలేదు. పద్నాలుగూ తీసేశారు.

“ఆ కట్టుబాటు ఎలా పుట్టిందమ్మా?”

“జలపాతం దగ్గర పుట్టిందప్పా. పేపర్లో ఎవుడో మహానుభావుడు అర పేజీ రాసినాడు. వెండి జల్లంట, దేవకన్యల కురులంట. అది నమ్మి నేనూ మా ఆయప్పా పోతిమి. బస్సులో ఆరు గంటల దూరం. ఆడోళ్ళు యాడ పోవాలనో ఆ మహానుభావుడు ఒక్క ముక్క రాయలేదు. యాడా లేదు గనక రాయలేదు! ఎదురుగా ధారగా నీళ్ళు, ఆగకుండా ఆ సద్దు. నా పాణం ఎట్లుండుంటుందో నువ్వే ఆలోచించుకో. మా ఆయప్ప ఏమో, ‘బాగుండాది కదా’ అన్నాడు. ఆ దినమంతా ఆయప్ప మాట్లాడింది ఆ రెండు ముక్కలే.”

మా ఆయప్ప అంటే భర్త రామాంజినప్పగారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను వచ్చేటప్పటికి ఇంట్లో లేరు. వాకింగ్‌కు వెళ్ళారట. మధ్యాహ్నం మూడున్నర ఎండలో ఏ మనిషి వాకింగ్‌కు వెళ్తాడని నేను అడగబోయేలోపు కంప్యూటర్లో కొత్త ఉత్తరం ఒకటి పడింది.

“వచ్చినాడు చూడు,” అన్నారు సావిత్రమ్మగారు, కళ్ళజోడు సర్దుకుంటూ. “కిటికీ సీటు.”

దారి బత్తెం చదివేవాళ్ళలో కిటికీ సీటు తెలియనివాళ్ళు ఉండరు. అది అతను పెట్టుకున్న పేరు. ఏ రూటు అడిగినా పేజీలకు పేజీలు రాస్తాడు. ఏ మలుపులో చెరువు కనబడుతుంది, ఏ హోటల్లో చట్నీ నీళ్ళగా ఉంటుంది, ఏ డ్రైవరు టీకి దిగితే అరగంట రాడు, అన్నీ. పైగా సావిత్రమ్మగారితో గలాటా అతనికి నిత్యం ఉండేదే. ‘మాడరేటరమ్మ ఇంట్లో కూడా ఇంత స్ట్రిక్టా?’ అని అతను రాస్తే, ‘మా ఇంట్లో నోరు తెరిచేవాళ్ళే లేరు, స్ట్రిక్టు ఎవరి మీద చూపించాలి?’ అని ఆమె రాసింది నాకు గుర్తుంది. ఆ వారం మేమంతా తెగ నవ్వుకున్నాం.

“ఎవరమ్మా అతను? ఇప్పుడైనా తెలిసిందా?”

ఆమె నన్ను జాలిగా చూశారు. “మా ఆయప్పే.”

మజ్జిగ నాకు పొలమారింది.

“రెండో దినమే తెలిసిపాయ. ఎక్స్‌ఛేంజిలో అవతల మనిషి హలో అనకముందే, ఊపిరి విని ఫలానా సేటు అని చెప్పేదాన్ని నేను. ఈయన రాసిందేమి? ‘దేవనహళ్ళి నుంచి చింతామణికి ఇన్ని స్టేజీలు’ అని. లోకంలో ఎవరప్పా దూరాన్ని స్టేజీల్లో కొలిచేది? టికెట్ కొట్టినోడు తప్ప! కడాన సంతకం ఏమంటే, ‘ఓల్డాన్’. బస్సు ఆపేదానికి ముప్పై ఏండ్లు అరిచిన మాట. కిటికీ సీటంట! జన్మంతా నిలబడి తిరిగినాడు గదా, ఆ ఆశ పాపం, పేరులోనన్నా కూర్చుందామని.”

“మరి ఇంట్లో...?”

“ఇంట్లో దినానికి నాలుగు మాటలు. కాఫీ. పేపరు. ఊఁ. లైటార్పు. పండగ పూట ‘ఉప్పు’ అని ఇంకొకటి. సర్వీసులో ఉన్నప్పుడు అరిచి అరిచి గొంతు పోతాండె, ఇంటికొచ్చి మాట్లాడేదానికి మిగిలేది లేదు. రిటైరైనాక మాట్లాడతాడులే అనుకుంటి. అలవాటు పోలేదు. అట్లాంటోడు బస్టాండు దగ్గర సైబర్ సెంటరుకు పోయి, రెండు వేళ్ళతో టకటకా కొట్టి, నాతో తొమ్మిదేండ్లుగా మాట్లాడతాండాడు.”

“మీకు తెలుసని ఆయనకు...”

“చెప్తే ఆపేస్తాడప్పా! ఏమీ తెలీనట్టు సుమ్నే ఉండిపోతి. ఒకసారి మాత్రం కోపం పట్టలేకపోతి. నంది కొండ మీద సూర్యోదయం గురించి రాసినాడు, ఎంత బాగా రాసినాడంటే నాకే కండ్లలో నీళ్ళు తిరిగె. కానీ కడాన బాత్రూము ముక్క లేదు. కట్టుబాటు కట్టుబాటే గదా, మొగుడైతే మాత్రం? మూడు దినాలు దారి బత్తెం నుంచి బయట పెడితి. ఇంట్లో చూడాల నువ్వు! సంగటి ముద్దను తినే తట్టలో అటు దొర్లించేది, ఇటు దొర్లించేది, నోట్లో పెట్టేది లేదు. కాఫీ అని కూడా అనలేదు, గ్లాసు చూపించినాడు. మూడో దినం సాయంకాలం నాకే బేజారై మళ్ళా లోపలికి తీసుకుంటి. ఆ రాత్రి రెండు ముద్దలు తిన్నాడు.”

దారి బత్తేనికి ఈ చోటును ఉచితంగా ఇచ్చిన కంపెనీ ఈ సోమవారం నాడు అంతా మూసేస్తామని నెల క్రితం తెలియజేసింది. ఏ గంటకో చెప్పలేదు. సావిత్రమ్మగారు ఆ కబురు పెట్టగానే సభ్యులు రెండు జట్లుగా విడిపోయారు. చింతామణి నుంచి రాసే మునినారాయణప్పగారు రిటైర్మెంటు ఫంక్షను లాగా చేయాలన్నారు. గంధం దండ, శాలువా, గ్రూపు ఫోటో. శాలువా ఎవరికి కప్పాలి, కంప్యూటరుకా అని కిటికీ సీటు అడిగాడు. రెండో జట్టు, అందరం కలిసి నంది కొండకు ఒకే ఒక్క ప్రయాణం చేద్దామన్నది. ఆ బస్సులో ఎవరు ఏ పక్క కూర్చోవాలన్న చర్చ మూడు వారాలు నడిచింది. ఎండ లేని పక్క అందరికీ చాలదని తేలేసరికి నెల అయిపోయింది. ప్రయాణాల వాళ్ళు ఎక్కడికీ పోలేదు.

“వేరే చోట మళ్ళీ మొదలుపెట్టకూడదా అమ్మా? ఇప్పుడు కొత్తవి చాలా వచ్చాయి కదా.”

“రంజిత కూడా అదే అనె. మహదేవపురలో దాని ఆఫీసులో అందురూ ఆ కొత్తదాంట్లోనే ఉండారంట. తెరిచి చూపించె కూడా. అక్కడ అసలు పేరు పెట్టాలంట, ఫోటో పెట్టాలంట. ఎవరెవరు వస్తారని నేను ఇక్కడ అడిగితి. అందురూ వస్తామనిరి. ఒక్కడు తప్ప. ‘ఫోటో దిగేది నాకు బేజారు, నా స్టాప్ ఇదే’ అని రాసినాడు.” ఆమె మౌసును కాసేపు అటూ ఇటూ జరిపారు. “ఆ మూడొందల మంది యాడికైనా పోనీ, బస్సు కాకుంటే రైలు ఎక్కుతారు. ఈ దినం ఇది మూసినారంటే, రేపటి నుంచి నాకు మళ్ళా ఆ నాలుగు మాటలే.”

నేను తెరవైపు చూశాను. కిటికీ సీటు రాసింది అక్కడ ఉంది. శీర్షిక ‘ఆఖరి రూటు’.

“చదువప్పా, నా కండ్లజోడు మసకగా ఉండాది,” అన్నారు. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది.

పైకి చదివాను.

‘దేవనహళ్ళి బస్టాండు నుంచి మా ఇంటికి. దూరం ముక్కాలు స్టేజి. బస్సు లేదు, నడవాలి. సాయంకాలమైతే కోట గోడ పక్కగా నడిస్తే నీడ. మూల మీద బోండాల అంగడి ఉండాది, ఆగొద్దు, నూనె మార్చడు. ఆమేలె, అంగడి దాటినాక, కుడికి తిరిగితే నీలం గేటు. కుక్క అరుస్తుంది, కరవదు. ఇంట్లో కాఫీ దొరుకుతుంది, చక్కెర తక్కువ. ఆ ఇంట్లో ఒకామె ఉండాది. ఎక్కడెక్కడి వాళ్ళకో దారి చెప్తుంది. ముప్పై ఏండ్లు ఎన్నో ఊర్లు తిరిగి ఈ ఆసామి దిగింది ఆ స్టాపులోనే. నీళ్ళు: కుండలో ఉండాయి. నీడ: ఉండాది. బాత్రూము: ఉండాది, గడియ సరిగా పడదు, చానా ఏండ్లుగా చెప్తాండాను. ఓల్డాన్.’

సావిత్రమ్మగారు పైటకొంగుతో ముక్కు తుడుచుకున్నారు. తర్వాత ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

“చెప్తాండేది ఎవరప్పా? గడియ బాగు చేయమని చెప్తాండేది నేను! ‘ఊఁ’ అంటాండేది ఆయప్ప! ఊరందరి ముందర నా మీద పెట్టినాడు చూడు! ఇంటి గుర్తులు, గేటు రంగు, కుక్కతో సహా రాసి, ఇంకా నాకు తెలీదనే అనుకుంటాండాడు!”

కూర్చుని, రెండు చేతుల పది వేళ్ళతో, ట్రంక్ కాల్ స్లిప్పు నింపే వేగంతో జవాబు కొట్టారు. నేను పక్కనుంచి చదివాను. ‘రూటు సరిగా ఉన్నది. మూడు ముక్కలూ ఉన్నవి. చక్కెర గురించిన మాట, గడియ గురించిన మాట తొలగించవలసిందిగా మాడరేటరు కోరుతున్నది. మిగతాది అట్లే ఉండనీయవచ్చును.’

పంపే బటను నొక్కారు. తెర మీద గడియారం గుర్తు తిరిగింది, తిరిగింది. తర్వాత తెల్లటి పేజీ వచ్చింది. ఈ చిరునామాలో ఏమీ లేదని దాని మీద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. టైము నాలుగూ పది.

ఆమె ఇంకోసారి నొక్కారు. మళ్ళీ తెల్ల పేజీ.

“పోయిందా?”

“పోయినట్టుందమ్మా.”

“నా జవాబు పోయిందా, లేక ముందే...”

“తెలియదమ్మా.”

“కడాన మాట ఆయప్పదే అయిపాయ చూడు,” అన్నారు. అందులో కోపం పాలు ఎంతో, వేరేదాని పాలు ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. కంప్యూటర్ ఆపి, దాని మీద రోజూ కప్పే పూల గుడ్డను కప్పారు. అంచులు సరిచేశారు. మునినారాయణప్పగారు కోరిన శాలువా ఆ రకంగా కప్పినట్టే అయింది. ఆ మాట నేనంటే ఆమె నవ్వారు. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి స్టవ్ మీద పాలు పెట్టారు.

పావుగంటకు కుక్క అరిచింది. నీలం గేటు తెరుచుకుంది. పొడుగాటి మనిషి, కొంచెం ముందుకు వంగి, బస్సు కుదుపుకు సిద్ధంగా ఉన్నట్టు కాళ్ళు ఎడంగా వేస్తూ వచ్చి, వరండాలో స్టూలు మీద కూర్చున్నారు. నన్ను చూసి తల ఆడించారు. చెప్పులు విడిచారు. గోడవైపు చూస్తూ ఉండిపోయారు. అలవాటు ప్రకారం బొటనవేలు చూపుడువేలు టికెట్ చింపుతున్నట్టు కదిలి, ఆగాయి.

“కాఫీ,” అన్నారు.

వంటింట్లోంచి సావిత్రమ్మగారు నన్ను సైగ చేసి పిలిచారు. రెండు గ్లాసుల్లో కాఫీ కలుపుతున్నారు. ఒక గ్లాసులో ఒక చెంచా చక్కెర వేశారు. ఆగారు. ఇంకో అర చెంచా వేశారు. రెండు గ్లాసులూ నా చేతుల్లో పెట్టి, గొంతు తగ్గించారు.

“నీకు ఓర్పు ఉండాదప్పా, ఇందాకట్నుంచి చూస్తాండాను, మధ్యలో అడ్డం రావు. పోయి ఆయప్ప పక్కన కూర్చో. చందాపురకు తిరిగి పోయేదానికి ఏ బస్సు ఎక్కాల, ఏ పక్క కూర్చోవాల అని అడుగు. ముందు ‘ఊఁ’ అంటాడు. విడవొద్దు. దారిలో నీళ్ళు యాడ దొరుకుతాయి అను, టీ యాడ బాగుంటాది అను. మొదలుపెట్టినాడంటే స్టేజీ స్టేజీ చెప్తాడు. బస్సుకు టైమైందని లేచేవు, లేయొద్దు. ఇంకో బస్సు ఉంటాది. నేనిక్కడ కిటికీ దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతా ఉంటా. నేను చెప్పినానని చెప్పొద్దు. ఇంగోటప్పా, కొంచెం గట్టిగా చెప్పమను. నాకు ఈ పక్క చెవి సరిగా ఇనబడదు.”