మార్తక్క సోమవారాలు

వెల్డింగు పొగ వాసన తగిలితే చాలు, మార్తక్క కళ్లముందుకొస్తుంది. నందికొట్కూరులో డ్రైవింగ్ స్కూలు నడిపేది. నాకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆమే. తర్వాత ర్యాలీల్లో పక్కన కూర్చోబెట్టుకుని, రాబోయే మలుపులు చదివి చెప్పే పని అప్పగించింది. ఆమెది అందరిళ్ల ముందూ కనిపించే చిన్న కారే. ఇంజను కింద రాళ్లు తగలకుండా మందపాటి రేకు, గట్టి స్ప్రింగులు, మట్టిదారుల టైర్లు వేయించింది. శనివారం వెనక సీటు ఊడదీసేవాళ్లం, పందెం అయ్యాక మళ్లీ బిగించేవాళ్లం. సోమవారం తెల్లారితే వాళ్లమ్మను ఆ సీట్లో పడుకోబెట్టి కర్నూలుకు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. ఇంట్లో ఇంకో బండి లేదు.

ఒక ఏడు పెద్ద ర్యాలీకి పేరిచ్చాం. పల్టీ కొట్టినా పైకప్పు నలగకుండా లోపల ఇనుప గొట్టాల చట్రం వెల్డింగు చేయించాల్సిందే అన్నారు. అది పడితే వెనక సీటు ఇక లేనట్టే. అక్క వెనకాడింది.

"మాయమ్మ యాడ పండుకొని వస్తాది?"

ముసలామె వింది. "ముందర సీటుండాది కదా. కూర్చొనే వస్తాలే. చేయించుకో పో" అని తేల్చేసింది. సోమవారం ఆమెను నా సీట్లో కూర్చోబెట్టి, భుజాల మీంచి, నడుం చుట్టూ బెల్టులు బిగిస్తుంటే, "ఏందే, ఎద్దును కాడికి కట్టినట్టు కడ్తాండావు!" అని నవ్వింది.

పెద్ద ర్యాలీలో చివరి దారి నాపరాళ్ల గనుల మధ్య. అప్పటికి మేమే ముందున్నాం. వంక దగ్గర దారి ఉన్నట్టుండి పల్లంలోకి దిగుతుంది, అవతల బండరాళ్లు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఆ పూట ఆత్రమంతా నాదే. "తొక్కక్కా!" అని అరిచాను. ఆమె యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. రెండో స్థానంతో సరిపెట్టుకున్నాం. నాకు ఏడుపు ఆగలేదు.

"బండికి ఏమన్నా అయితే రేపు అమ్మ ఎట్ల పోతాది?" అంది అక్క, నెమ్మదిగా.

మరుసటి ఏడాదికి ముసలామె లేదు. అదే దారిలో మళ్లీ దిగాం. ఇక అక్కను ఆపేదేముంది అనుకున్నాను. వంక వచ్చింది. అక్క మళ్లీ కాలు తీసింది. పందెం ముగిశాక ఉండబట్టలేక అడిగాను.

"ఇప్పుడు ఎవరి కోసమక్కా?"

హెల్మెట్ తీసి నన్ను విడ్డూరంగా చూసింది. "పక్కన నువ్వుండావు కదా."

ఆమె చేతిలోని హెల్మెట్ అందుకుని బండిలో పెట్టాను.

మోకాళ్ల నొప్పులతో అక్క ర్యాలీలు మానేశాక స్టీరింగు నా చేతికొచ్చింది. ఇప్పుడు నా పక్కన వేంపల్లె హసీనా కూర్చుంటుంది. "తొక్కక్కా" అని ఒకటే గోల. రాళ్లు కనబడితే నా కాలు దానంతటదే పైకి లేస్తుంది. పిరికిదానివంటుంది. అననీ. సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేస్తే ఎత్తేది హసీనానే కావాలి.