అక్క మొహం

బెజవాడలో ఉన్న మా అక్క కూతురు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "పిన్నీ, ఆ దుమ్ములో ఒక్కదానివే ఏం చేస్తావు? మా దగ్గరికి వచ్చెయ్." దుమ్ము మాట నిజమే. ముక్త్యాల సిమెంటు లారీలు పోయే దారిలోనే మా ఇల్లు. పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అయినా నేను జగ్గయ్యపేట వదలను. కారణం దానికి చెప్పలేదు, చెబితే భయపడుతుంది.

ఈ ఊళ్లో నన్ను చూసి చనిపోయిన మా అక్కను పలకరిస్తారు.

అక్క ఇక్కడి బళ్లో టీచరు. నేను రోజూ నందిగామ ఆఫీసుకు బస్సులో పోయి వచ్చేదాన్ని, ఊరికి నేనంతగా తెలియదు. ఇద్దరిదీ ఒకటే మొహం. ఆమె పోయాక చీరలు పంచుకుంటే నూలువన్నీ నాకొచ్చాయి. ఒకటి కట్టుకుని బజారుకెళ్తే కిరాణా కొట్టాయన లేచి నిలబడి, "నమస్తే టీచరుగారూ" అన్నాడు. కాదని చెప్పకుండానే సరుకులు తీసుకుని వచ్చేశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ తర్వాత కావాలనే ఆ చీరలు కట్టేదాన్ని.

కిందటేడు బస్టాండు దగ్గర ఒక డ్రైవరు లారీ ఆపి దిగాడు. గడ్డం నెరిసింది. "టీచరుగారూ, మీ కళ్లద్దాలు పగలగొట్టింది నేనేనండి. నా మీద కోపం పోయిందా?"

చిన్నప్పుడు బళ్లో అక్క మీద రాయి విసిరిన పిల్లాడు ఇతనేనన్నమాట. "ఇంక నా క్లాసుకు రాకు" అని అక్క కసిరితే నిజంగానే చదువు మానేశాడు. మంచాన పడ్డాక కూడా అక్క ఆ మాటే తలుచుకుని, తప్పు నాదే, వాణ్ని మళ్లీ పిలవాల్సింది అని ఏడ్చేది. అది అతనికి చేర్చడానికి నేను తప్ప ఎవరున్నారు?

"కోపం కాదయ్యా. నిన్ను మళ్లీ పిలవాల్సింది. తప్పు నాదే" అన్నాను, అచ్చం అక్కలాగే. అతను కళ్లు తుడుచుకుని లారీ ఎక్కాడు. ఇంటికొచ్చి ముందు ఆ చీర మార్చేశాను. చనిపోయిన మనిషినని నమ్మించి వచ్చాను, ఇంతకన్నా పాపం ఉంటుందా?

సమాధుల పండగ సాయంత్రం పూలు పట్టుకుని వెళ్తే, అక్క సమాధి మీద అప్పటికే కొవ్వొత్తి వెలుగుతోంది. పక్కన అతనే. దొంగలా దొరికిపోయాను.

"నేను అక్కను కాదని నీకు ముందే తెలుసా?"

"టీచరుగారి శవపెట్టె మోసినోళ్లలో నేనూ ఉన్నానండి. ఊళ్లో అందరికీ తెలుసమ్మా."

"మరి నన్నెందుకు అడిగావయ్యా?"

"ఆమెనే అడగాలనిపించిందండి. ఆ మొహం ఇప్పుడు మీ దగ్గరేగా ఉంది." నేల చూస్తూ మళ్లీ అడిగాడు. "తప్పు నాదే అన్న ఆ మాట... నిజంగా టీచరుగారే అన్నారా అండీ?"

"అదే అంది. చివరిదాకా అంది."

అతను సమాధి పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

నిన్న అక్క కూతురు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి నిజమే చెప్పేశాను.

"రానే తల్లీ. నేనక్కడికొస్తే మీ అమ్మను ఎవరు పలకరిస్తారు?"