తుండు కప్పిన గ్రాఫిక్స్ కార్డు

పొద్దున ఇస్త్రీపెట్టె కింద తుండుగుడ్డ సుర్రుమని, వేడి వాసన గుప్పుమనేసరికి నాకు నవ్వాగలేదు. ఇంట్లోవాళ్ళు వింతగా చూశారు. వాళ్ళకేం తెలుసు, ఆ వాసన వస్తే నాకు రంగసామి పెదనాయన ఎదురుగా వచ్చి నిలబడతారని!

కోయంబత్తూరు గాంధీపురంలో ఆయనకు కంప్యూటర్ల అంగడి ఉండేది. చుట్టం కాదు, మా తెలుగువాళ్ళలో నాన్నకంటే పెద్దవాళ్ళందరూ పెదనాయనలే. అంతకుముందు బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారం చేశారు. అక్కడ ఏ తోట సరుకో చెప్పకుండా పళ్ళెంలో పోసి ఇస్తే, నలిపి వాసన చూసి ధర చెప్పేవారట. కంప్యూటరు ఆటల్లో బొమ్మలను పరుగెత్తించే గ్రాఫిక్స్ కార్డులనూ అలాగే అమ్మాలని ఆయన పంతం. రెండు కంప్యూటర్లలో రెండు కార్డులు బిగించి, వాటి మీద చెరో తుండు కప్పేవారు. "పేరు చూస్తే కన్ను మోసపోతాది. ఆడి చూసి చెప్పనీ" అనేవారు.

నేను ఆ అంగడిలో చేరి కొన్నాళ్ళే అయింది. తేనిలో మామయ్య ద్రాక్షల మండీలో నన్ను లెక్కలకు కూర్చోబెట్టాలని ఇంట్లో తయారుగా ఉన్నారు. ఇక్కడ ఉద్యోగం ఖాయం కావాలంటే పెదనాయన పెట్టింది ఒకటే షరతు: అద్దాల బీరువాలో మహారాణిలా కూర్చున్న, అంగడిలోకెల్లా ఖరీదైన కార్డును అమ్మాలి. ద్రాక్షలు తినమంటే తింటాను గాని, జన్మంతా వాటితో కాపురం చేసే ఓపిక నాకు లేదు.

ఒకరోజు మిల్లు నడిపే జయలక్ష్మత్త వచ్చారు. అరవై దాటిన మనిషి, కార్ల పందెం ఆటంటే ప్రాణం. "రొంబ వేగంగా పోవాల. నడుమ నిలిచిపోతే నాకు కోపం వస్తాది" అన్నారు. నా పంట పండిందనుకున్నాను.

మహారాణిని ఒకదాంట్లో, మధ్యరకం కార్డును ఇంకోదాంట్లో బిగించి తుండ్లు కప్పాం. అత్త ఆడారు. మధ్యరకం కార్డు మీద కారు నున్నగా పోయింది. ఖరీదైనదాని మీద మొదట రివ్వున పోయి, కాసేపటికి ఎద్దుబండిలా ఈడ్చుకుంటూ నడిచింది.

"అయ్యో పావం, దీనికి మోకాళ్ళ నొప్పి ఉండాదా?" అన్నారు అత్త.

"చూస్తివా అమ్మిణీ! తుండు అబద్ధం చెప్పదు!" అని పెదనాయన నావైపు తిరిగి మురిసిపోయారు.

అప్పుడే నాకు వేడెక్కిన గుడ్డ వాసన తగిలింది. పెద్ద కార్డు వేడి ఎక్కువ కక్కుతుంది. ఆ వేడి పోయే దారిని తుండు మూసేసింది. చెబితే ఆయన పరువు పోయి నన్ను గెంటేస్తారు. చెప్పకపోతే కార్డు అమ్ముడుపోదు. ఎటు చూసినా తేని బస్సే. తుండు లాగేశాను.

"పెదనాయనా, దీనికి ఊపిరాడలేదు. తుండే చెడగొడుతుండాది."

అత్త పగలబడి నవ్వారు. "ఏం రంగసామన్నా, బతికుండేదానికి గొంతు పిసికినావే!"

పెదనాయన రెండో తుండు తానే తీశారు. ఈసారి పెద్ద కార్డు దుమ్ము లేపింది. అత్త నన్ను దగ్గరికి పిలిచారు.

"నిజం చెప్పుమా. మా ఇంట్లో ఉండేది చిన్న పాత తెర. దాంట్లో ఈ రెండిటికీ భేదం తెలుస్తాదా?"

తెలుస్తుందంటే చాలు, ఉద్యోగం నాది. "తెలీదత్తా. ఆ తెరకు మధ్యరకమే చాలు" అన్నాను. ఈ పాడు నోరు ఎప్పుడూ ఇంతే!

అత్త మధ్యరకమే కొనుక్కుని వెళ్ళారు. నేను సంచీ భుజాన వేసుకున్నాను.

"ఎక్కడికి పోతుండావు?" పెదనాయన గద్దించారు.

"తేనికి. పెద్దది అమ్మలేదు కదా."

"అదంతా వేండాం, నువ్వు పోవద్దు. రేపటినుంచి కొనేవాళ్ళ దగ్గర నువ్వే నిలబడు. నేను అడ్డం వస్తే నన్నూ ఇట్లే లాగి పారెయ్యి."

ఆయన ఇప్పుడు లేరు. నాకూ ఒక అంగడి ఉంది. అందులో కొత్తగా చేరిన పిల్ల, కొనేవాళ్ళ ముందే "మీరు చెప్పింది తప్పక్కా" అంటుంది. ఒళ్ళు మండిపోతుంది. అయినా నోరు మూసుకుని వింటాను. ఆ రోజు పెదనాయనకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో అప్పుడు తెలుస్తుంది, ఆయన మీద ప్రేమ పొంగుకొస్తుంది.