బుట్ట మాత్రం దిగుతుంది

మారేడ్‌పల్లి మొత్తంలో ఆకలిని జయించినవాడు ఒకడున్నాడంటే అది నేనే. డెబ్బై దాటాక, ఒక్క వేసవిలో ఇరవై కిలోలు తగ్గాను. ఆసుపత్రిలో నర్సులు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు.

నర్సులెవరూ కొట్టలేదు. ఒక వార్డుబాయ్ నవ్వాడు, అదీ నా ప్యాంటు జారుతుంటే. ఇరవై కూడా కాదు, పదకొండు. ఆ వయసులో పదకొండంటే తక్కువా?

ఇదంతా మోకాళ్ల కోసం. మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్లు అరిగిపోయాక నేను మెట్లు దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. సందు చివర ఇరానీ హోటల్లో నాతో రైల్వేలో పనిచేసినవాళ్లు పొద్దున్నే చేరతారు. నా కాళ్ల మీద నేను దిగి వెళ్లి వాళ్ల మధ్య కూర్చోవాలి. అంతకు మించి ఏమీ కోరలేదు. మోకాళ్లు మార్చాలంటే ముందు బరువు తగ్గమన్నాడు ఎముకల డాక్టరు. ఆపరేషన్ రోజు దాకా అలాగే ఉండాలి అని కూడా అన్నాడు. ఆ రెండో మాట నేను సరిగా వినలేదు.

తగ్గాను. తారీఖు ఇచ్చారు. తీరా ఆ వారమే దగ్గు పట్టుకుంది. ఛాతీ బాగయ్యాక చూద్దామని వాయిదా వేశారు. దగ్గు పోయింది, ఆకలి వచ్చింది.

ఇది వెనకటి ఆకలి కాదు. లావుగా ఉన్నప్పుడు రెండు పూటలు తిని, మధ్యలో తిండి సంగతే మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు భోంచేసి చెయ్యి కడుక్కుంటూనే పక్కవాటాలో తాలింపు ఏ కూరకో చెప్పగలను. మజ్జిగన్నం కలుపుకుంటూ మర్నాటి అట్టు గురించి ఆలోచిస్తాను. మా ఆవిడ పుట్నాల డబ్బా ఎక్కడ దాచినా నా ముక్కుకు తెలిసిపోతుంది.

మా బాల్కనీలో తాడు కట్టిన బుట్ట ఒకటుంది. దాన్ని కిందికి వదిలితే కూరగాయలో పాలో పైకొస్తాయి. మా ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసే వేళ దాన్ని నేను వదలడం మొదలుపెట్టాను. సరిగ్గా ఆ వేళకే సైకిల్ మీద బన్నులు, బిస్కెట్లు అమ్మే భాయి వస్తాడు. ఒకరోజు అతను తలెత్తి అరిచాడు.

“ఏంది సాబ్, మీరు దిగుడు బందయింది గానీ మీ బుట్ట మాత్రం రోజు దిగుతది!”

“మెల్లగా అనవయ్యా, మేడమ్ పడుకుంది.”

“మేడమ్ నిన్ననే చెప్పింది సాబ్, మీకు ఇయ్యొద్దని. ఏం జెయ్యాలె, మీరు గట్ల చూస్తుంటే ఇయ్యకుండ పోబుద్ధి గాదు.”

చొక్కా బొత్తాలు మొరాయించాక భయమేసింది. ఆసుపత్రిలో నా తిండి సంగతి చూసే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“అంకుల్, గిది మీ ఒక్కరికే కాదు. మీరు సన్నబడ్డరు గదా, బాడీ దాన్ని కరువు అనుకుంటది. కడుపుల ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువైతది. కొవ్వు నుంచి వచ్చి, ఇగ చాలని మెదడుకు చెప్పే హార్మోన్ తగ్గుతది. పాత బరువు దిక్కే గుంజుతది.”

“ఎన్నాళ్లమ్మా?”

“ఏండ్లు సుత ఉండొచ్చు.”

“మందు లేదా?”

“ఇంజెక్షన్లున్నయి. ఆపితే ఆకలి మళ్ల షురూ. జెర వచ్చి కనబడుండ్రి, చూద్దాం.”

ఇన్నాళ్లూ నాలుకతో పోట్లాడుతున్నాననుకున్నాను. నాలుకనైతే బతిమాలవచ్చు, బెదిరించవచ్చు. కానీ లోపల ఎవరో నేను తిండిలేక చచ్చిపోతున్నానని నమ్మేసి, నన్ను బతికించడానికి పూనుకున్నారు. అంత ప్రేమగా చేసే పనిని ఆపమని ఎవరికి చెప్పుకోను?

పదకొండు కిలోలూ తిరిగొచ్చాయి, మరో రెండింటిని తోడు తెచ్చుకుని. వాచ్‌మన్, పక్కవాటాయన చెరో భుజం పట్టి దింపితే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ నన్ను కాటా ఎక్కించింది. అంకె చూసి తల అడ్డంగా ఊపింది. ఈ బరువుకు ఆపరేషన్ కుదరదంది. అంతే, కథ ముగిసింది.

ఇప్పుడు బాల్కనీలో కూర్చుంటాను. ఇరానీ హోటల్ బోర్డు సగం కనిపిస్తుంది. చాయ్ వాసన ఇంత దూరం రాదని అందరూ అంటారు. నాకొస్తుంది.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. విజయనగరం వైపు మనిషి, ఇన్నేళ్లు సికింద్రాబాద్‌లో ఉన్నా మాట మారలేదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండా వింది.

“డాట్రమ్మ మిమ్మల్ని కాటా ఎప్పుడెక్కించిందండీ? చెప్పులిప్పి ఎక్కండంటే, కళ్లు తిరుగుతున్నాయని గోడ పట్టుకుని బయటికొచ్చేసేరు. ఎంతున్నా పర్లేదు, చూద్దాం రమ్మనండని ఆవిడ గుమ్మం దాకా వచ్చి నాతో చెప్పింది. ఆ రెండు కిలోలూ ఎవరు తూసేరో మరి! ఆపరేషన్ కాదని ఎవరూ అన్లేదు. మళ్లీ వెళ్దాం పదండంటే, మెట్లు దిగలేనని కూర్చున్నది మీరు.”