తేనెబండ కింద

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాన్న బడిలో అయ్యవారు. ఆయనకు కడప జిల్లాలో, లంకమల కొండలకు దగ్గరగా ఉన్న ఒక పల్లెకు బదిలీ అయింది. కట్టెలకో మేకల వెనకో తప్ప ఆ ఊళ్లో ఎవరూ అడవిలోకి పోయేవాళ్లు కాదు. పెండ్లాం పిల్లలను వెంటబెట్టుకుని ఊరికే కొండ చూసి రావడానికి పోయేది నాన్న ఒక్కడే. ఊళ్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చెల్లెలికి ఆరు, తమ్ముడికి మూడు. కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, సొరకాయ బుర్రలో నీళ్లు, కింద పరుచుకోవడానికి నల్ల కంబళి. తమ్ముడు నాన్న భుజాల మీద ఎక్కాడు. రెండు కొండల నడుమ ఇరుకు కోన, దాని చివర ఒక మడుగు ఉందని, వానలు పడిన ఏడాది అందులోకి నీళ్లు దూకుతాయని నాన్న ఎవరి దగ్గరో విన్నాడు.

కోన మొదట్లో ఒక అవ్వ మేకలు మేపుతోంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది. ఎవరు, ఏ ఊరు, పిల్లలతో ఇక్కడేం పని అని అన్నీ అడిగింది. కడాన నాన్నతో ఒక మాట చెప్పింది.

“పైన బండకు తేనెతుట్టెలు శానా ఉండాయప్పా. సప్పుడు సేయకుండా పోండి. పొగ మాత్రం పెట్టొద్దండి. పొగ తగిలితే అవి మనిషిని ఇడిసిపెట్టవు.”

నాన్న సరేనన్నాడు.

తుట్టెలు నిజంగానే ఉన్నాయి. నిలువు బండ అంచు కింద పెద్ద పెద్ద చేటలు వేలాడదీసినట్టు నల్లగా ఉన్నాయి. అప్పుడప్పుడు వాటి మీద ఒక అల లాంటిది కదిలేది. అమ్మ నన్నూ చెల్లెల్నీ చెరో పక్క పట్టుకుని, పైకి చూడనీయకుండా నడిపించింది. ఆ మలుపు దాటితే మడుగు. సన్నటి ధారగా నీళ్లు పడుతున్నాయి. రొట్టెలు తిన్నాం. తమ్ముడు నీళ్లలో కాళ్లు ఆడించాడు.

అప్పుడు నాన్న సంచిలోంచి చిన్న గిన్నె, కాఫీపొడి పొట్లం, బెల్లం ముక్క తీశాడు. అమ్మకు తెలియకుండా తెచ్చాడు. కొండల నడుమ ఆమెకు తన చేత్తో కాఫీ కాచి ఇవ్వాలని ఆయన ముచ్చట.

అవ్వ పొగ వద్దనింది కదా అని అమ్మ గుర్తు చేసింది. తుట్టెలు మలుపు అవతల ఉన్నాయని, ఇంత పొగ అందాకా పోదని నాన్న అన్నాడు. ఆయన ముఖంలో సంబరం చూసి కాబోలు, ఆమె మళ్లీ మాట్లాడలేదు.

పుల్లలు తడిగా ఉండి మంట రాలేదు, పొగే వచ్చింది. అది కొంతదూరం నిటారుగా లేచి, గాలికి వంగి మలుపు వైపు తిరిగింది. నేను చూశాను. చెప్పలేదు. నాన్నకు అన్నీ తెలుసనుకునే వయసు నాది.

ముందు శబ్దం వచ్చింది. దూరాన లారీ ఎత్తు ఎక్కుతున్నట్టు అనిపించింది. నాన్న తలెత్తేలోపు చెల్లెలు చెంప పట్టుకుని కేక పెట్టింది. అమ్మ మా ముగ్గురినీ బండ మొదట్లోకి తోసి, పైన కంబళి కప్పి, దాని అంచులు ఒత్తిపట్టి మా మీద పడుకుంది. నాన్న మా వైపు ఒక్కసారి చూశాడు. కండువా గాలిలో తిప్పుతూ, తనే కావాలని తేనెటీగలను రేపుతూ, వచ్చిన దారినే పరుగెత్తాడు.

కంబళి కింద చీకటి. ఊపిరాడడం లేదు. “చేతులు ఆడించొద్దండి,” అనింది అమ్మ. తమ్ముడి ఏడుపు ఆగకపోతే, చేతికందిన బెల్లం ముక్క కంబళి కిందుగా తోసి, వాడి నోట్లో పెట్టమంది. ఈగ కుట్టినప్పుడల్లా ఆమె ఒళ్లు అదరడం నా వీపుకు తెలిసేది. గొంతులోంచి మాత్రం చప్పుడు రాలేదు. నాన్న యాడికి పోయినాడని చెల్లెలు అడిగింది. అమ్మ కంబళి అంచును ఇంకా గట్టిగా ఒత్తింది.

ఎంతసేపో తెలియదు. పొయ్యి దానంతటదే ఆరింది, శబ్దం పలచబడింది. బయటికి దారి ఒక్కటే, ఆ తుట్టెల కిందనుంచే. నలుగురం కంబళి కప్పుకుని, బండకు ఆనుకుని, నాలుగు అడుగులు వేసి ఆగుతూ కదిలాం. సరిగ్గా వాటి కిందికి రాగానే తమ్ముడు నోరు తెరిచాడు. నేను అరచేత్తో గట్టిగా మూశాను. వాడు కొరికాడు. అయినా చెయ్యి తియ్యలేదు.

మలుపు అవతల చాలా దూరాన, వాగు నీళ్లలో నాన్న కూలబడి ఉన్నాడు. పొగ చూసి వచ్చిన అవ్వ పక్కన కూర్చుని, ఆయన మెడలోని ముళ్లను గోటితో గీకి తీస్తోంది. ముఖం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. గొంతు వినేదాకా ఆయన నాన్నే అని నమ్మలేకపోయాను.

“ముగ్గురూ ఉండారా?” అన్నాడు మా అడుగుల చప్పుడు విని.

“ఉండారు,” అనింది అమ్మ. “నేనూ ఉండా.”

అవ్వ తిట్టలేదు. తన కర్ర ఒక కొన ఆయన చేతికిచ్చి, రెండో కొన పట్టుకుని ముందు నడిచింది. నాన్న రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కూర్చుంటానన్నాడు, నిద్ర వస్తోందన్నాడు. బండ్ల బాట చేరేదాకా ఆయన్ను నిద్రపోనీయవద్దని అవ్వ అమ్మ చెవిలో చెప్పడం నాకు వినపడింది. అమ్మ ఆయన్ను ఎక్కాలు చెప్పమంది. బళ్లో పిల్లలతో చెప్పించే మనిషి, ఉబ్బిన పెదాలతో రెండో ఎక్కం మొదలుపెట్టాడు. మేమూ వెంట చెప్పాం. పదమూడో ఎక్కం మధ్యలో ఆయన గొంతు ఆగిపోయింది. అందరం ఆగిపోయాం. అమ్మ ఆయన భుజం పట్టి కుదిపింది. కాసేపటికి, తప్పు లెక్కే అయినా, తరువాతి అంకె వచ్చింది.

బాట మీద ఎద్దులబండి దొరికింది. పక్క ఊళ్లో కాంపౌండరు సూది వేశాడు. రెండు రోజులు జ్వరం కాసింది. మూడోనాడు నాన్న కళ్లు సందుగా తెరుచుకున్నాయి. ముందు ఆయనకు కనపడింది గంజి గ్లాసు పట్టుకున్న అమ్మ చెయ్యి. మోచేతి దాకా ఇంకా వాచే ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

“తప్పు నాది,” అన్నాడు, మేమంతా అక్కడే ఉండగా. “నువ్వు చెప్తే ఇన్లేదు.”

ఆ కాలంలో మగవాళ్లు పిల్లల ముందర పెండ్లాంతో అట్లా అనడం నేను వినలేదు.

“అవును,” అనింది అమ్మ. గ్లాసు ఆయన పెదాలకు ఆనించి, ఖాళీ అయ్యేదాకా అట్లే పట్టుకుంది.